ఒంగోలు ఎండల్లో నలుపు తెలుపు ప్రింట్లు: ఏ పేపర్ డెవలపర్ తీసుకోవాలి?

ఒంగోలు_డార్క్‌రూమ్

అందరికీ నమస్కారం. ఇంట్లో వాడకుండా ఉన్న బాత్‌రూమ్‌ని డార్క్‌రూమ్‌గా మార్చుకున్నాను. 35 ఎంఎం నెగటివ్‌లు, నెగటివ్ బొమ్మను పెద్దది చేసి పేపర్ మీద పడేసే పాత ఎన్‌లార్జర్, కాంట్రాస్టు మార్చే మల్టీగ్రేడ్ ఫిల్టర్ల సెట్టు ఉన్నాయి. పేపర్ ఇల్‌ఫర్డ్ మల్టీగ్రేడ్ ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న రకం) డీలక్స్, 8×10 అంగుళాలు. చెయ్యి కుదిరాక ఆ పూత లేని ఫైబర్ పేపర్ మీదకు పోవాలని ఉంది.

అడగాల్సినవి నాలుగు. ఒకటి, డెవలపర్‌గా, అంటే పేపర్ మీద బొమ్మను తేల్చే మందుగా, కొడాక్ డెక్టాల్ లాంటి పౌడరా, ఇల్‌ఫర్డ్ వాళ్ల లిక్విడా, లేక మందులు తెచ్చుకుని సొంతంగా కలుపుకోవడమా? రెండు, పుస్తకాలన్నీ 20 డిగ్రీలంటాయి, మా మేడమీది ట్యాంకు నీళ్లు సాయంత్రం 34 ఉంటున్నాయి. మూడు, బోరు నీళ్లు ఉప్పు, వాటితో కలిపితే అడుగున తెల్లటి పిండిలాంటిది పేరుకుంటోంది. నాలుగు, పేపర్ ట్రేలో వేసిన 20 సెకన్లకే నల్లబడిపోతోంది. గబుక్కున తీసేస్తే ప్రింటు బూడిద రంగులో, మచ్చలు మచ్చలుగా వస్తోంది. ఇది డెవలపర్ లోపమేనా? అయితే ఏది మార్చాలి?

పెన్నా_గట్టు (నెల్లూరు)

తమ్ముడూ, నాలుగోదానితో మొదలుపెడతాను. మొదటి రెండింటికీ జవాబు అందులోనే ఉంది.

ఫిల్మును టైము చూసి ఆపుతాం. పేపర్ అట్లా కాదు, దాన్ని చివరిదాకా డెవలప్ కానివ్వాలి. ఎక్స్‌పోజర్, అంటే ఎన్‌లార్జర్ కింద చూపించిన వెలుగు, సరిగ్గా ఉంటే బొమ్మ ఒక స్థాయికి వచ్చి దాదాపు అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంకో అర నిమిషం ట్రేలో ఉన్నా పెద్ద తేడా రాదు. నీకు 20 సెకన్లకే నల్లబడుతోందంటే ఎన్‌లార్జర్ కింద వెలుగు ఎక్కువ పడింది, డెవలపర్ వేడిగా ఉంది. రెండూ కలిశాయి. భయపడి తీసేస్తే అసలు నలుపు రాకముందే పని ఆగిపోతుంది. మందు పేపరంతా ఒకే తీరుగా పట్టే టైము కూడా ఉండదు, అందుకే ఆ మచ్చలు. ఇదే ట్రేలోకి ఎంత ఖరీదైన డెవలపర్ పోసినా ఫలితం మారదు.

కాబట్టి కొనేముందు ఒక పరీక్ష చెయ్యి. అరచేతి వెడల్పు పేపర్ ముక్క తీసుకుని సేఫ్‌లైటు (పేపర్‌ను చెడగొట్టని మసక దీపం) కిందే ఆరు పట్టీలుగా కత్తిరించు. వెనకవైపు పెన్సిల్‌తో 1 నుంచి 6 దాకా నంబర్లు వెయ్యి. నెగటివ్ లేకుండా, లెన్సు పూర్తిగా తెరిచి, ఎన్‌లార్జర్ కింద అన్నిటికీ ఒకేసారి 30 సెకన్లు వెలుగు చూపించు. ఆరింటినీ ఒకేసారి డెవలపర్‌లో వేసి, ట్రే ఊపుతూ 20, 30, 45, 60, 90, 120 సెకన్ల దగ్గర ఒక్కొక్కటి తీసి, డెవలపర్ పనిని ఆపే ఆసిడ్ నీళ్లు, అదే స్టాప్‌లో వెయ్యి. హైపోలో (బొమ్మను నిలిపే ఫిక్సర్) ఫిక్స్ చేసి, కడిగి, ఆరబెట్టి కిటికీ వెలుతురులో పక్కపక్కన పెట్టు. తడిగా ఉన్నప్పుడు చూస్తే మోసపోతావు. ఏ నంబరు దాటాక నలుపు ఇంక పెరగలేదో ఆ టైముకు ఇంకో పాతిక శాతం కలుపు. నీ నీళ్లకు, నీ మందుకు, ఆ రోజు వేడికి అదే నీ టైము. ఆ టైముకన్నా ముందు ఏ ప్రింటునూ బయటికి తియ్యొద్దు. ప్రింటు నల్లగా వస్తే ఎక్స్‌పోజర్ తగ్గించు, డెవలపింగ్ జోలికి పోకు.

ఇంక ఏది కొనాలి అన్న మాట. మల్టీగ్రేడ్ ఆర్‌సీ పేపర్ మీద డెక్టాల్, ఇల్‌ఫర్డ్ మల్టీగ్రేడ్ డెవలపర్, పీక్యూ యూనివర్సల్, బ్రోమోఫెన్, ఈ నాలుగింటితో పూర్తి టైము ఇచ్చి తీసిన ప్రింట్లు కలిపేస్తే ఏది ఏదో విడదీయడం చాలా కష్టం. కాంట్రాస్టు నీ ఫిల్టర్ల చేతిలో ఉంది, 00 నుంచి 5 దాకా. అర గ్రేడు ఫిల్టర్ మార్చితే వచ్చే తేడా డెవలపర్ మార్చితే రాదు. తేడా వచ్చేది ఎక్కడంటే ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, చర్మానికి పడుతుందా, కొద్దికొద్దిగా కలుపుకోవచ్చా అన్న దగ్గర. నువ్వు వారానికి ఒకటి రెండు పూటలు పది పన్నెండు ప్రింట్లు తీసేవాడివైతే లిక్విడ్ తీసుకో. ఇల్‌ఫర్డ్ మల్టీగ్రేడ్ 1+9 అంటే 100 మిల్లీ మందుకు 900 మిల్లీ నీళ్లు. 20 డిగ్రీల్లో ఆర్‌సీకి 1 నిమిషం, ఫైబర్‌కు 2 నిమిషాలు. 1+14 కలిపితే ఆర్‌సీకి నిమిషంన్నర, ఫైబర్‌కు 3 నిమిషాలు. మన వేడికి 1+14 నయం, తొందర తగ్గుతుంది, చేతికి టైము దొరుకుతుంది.

డెక్టాల్ మంచి మందే. కాకపోతే పౌడర్ ప్యాకెట్ విప్పితే మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి తీసి కలిపితే అందులోని మందులు సమానంగా రావు, ఎందుకంటే ప్యాకెట్లో బరువైనవి అడుగుకు, తేలికవి పైకి చేరి ఉంటాయి. కలిపిన స్టాకు నిండు సీసాలో ఆరు నెలలు, సగం ఖాళీ సీసాలో రెండు నెలలు నిలుస్తుందంటారు. అది చల్లటి గది లెక్క. మే నెలలో వంటింటి అటక మీద పెడితే అన్నాళ్లు ఉండదు.

కావలి_బ్రోమైడ్

పైన అన్న చెప్పింది సరైనదే. ఒక్క మాట కలుపుతాను, లిక్విడ్ కూడా మూత తీసిన రోజు నుంచి గాలికి పాడవుతుంది. లీటరు సీసా తెచ్చిన రోజే 100 మిల్లీ చిన్న గాజు సీసాల్లోకి అంచుదాకా నింపి మూతలు బిగించేయండి. ఒక్కో సీసా ఒక్కో పూటకు సరిపోతుంది. గాజు దొరక్కపోతే కూల్‌డ్రింకు బాటిల్ ప్లాస్టిక్ పరవాలేదు, మామూలు మెత్తటి తెల్ల డబ్బా వద్దు, దాని గోడల్లోంచే గాలి లోపలికి పోతుంది. కూల్‌డ్రింకు సీసా అయితే పాత లేబుల్ పూర్తిగా పీకేసి, పెద్ద అక్షరాలతో విషం అని రాసి, తాళం వేసే చోట పెట్టాలి. ఇంట్లో పిల్లలుంటే ఈ ఒక్క పని వాయిదా వెయ్యకండి.

ట్రేలో పోసింది ఆ రోజుకే. రాత్రి మళ్లీ సీసాలోకి వంచి రేపు వాడదామనుకోవద్దు. టీ డికాక్షన్ రంగు వచ్చిందంటే అయిపోయినట్టే.

నెల్లూరు_రసాయనం

సొంతంగా కలుపుకోవడం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నెలకు వంద ప్రింట్లు తీసేవాళ్లకు, ఊళ్లోకి ఫోటో మందులు రాని చోట ఉన్నవాళ్లకు ఇదే దారి. కాలేజీ ల్యాబులకు సామాను వేసే కెమికల్ షాపుల్లో అడిగితే మందులు తెప్పిస్తారు. ల్యాబ్ గ్రేడు చాలు, అంతకన్నా ఖరీదైనది అక్కర్లేదు.

కొడాక్ వాళ్లు బయటపెట్టిన డి-72 ఫార్ములా ఇది, డెక్టాల్‌కు దగ్గర చుట్టం. లీటరు స్టాకుకు: 50 డిగ్రీల వేడి నీళ్లు 750 మిల్లీ, మెటాల్ 3 గ్రాములు, సోడియం సల్ఫైట్ 45 గ్రాములు, హైడ్రోక్వినోన్ 12 గ్రాములు, తేమలేని సోడియం కార్బొనేట్ 68 గ్రాములు, పొటాషియం బ్రోమైడ్ 2 గ్రాములు. చివర చల్లటి నీళ్లతో లీటరుకు తేవాలి. వాడేటప్పుడు 1 భాగం స్టాకుకు 2 భాగాల నీళ్లు, అంటే మొత్తం 3 భాగాలు. ఎండాకాలం 1 కి 3, అవసరమైతే 1 కి 4.

ఇదే వరసలో వేయాలి, చిటికెడు సల్ఫైట్ ఒక్కటి మాత్రం అన్నిటికన్నా ముందు. ముందు చిటికెడు సల్ఫైట్ నీళ్లలో వేసి కరిగించి, ఆ తర్వాత మెటాల్ వేయండి. చిటికెడు సల్ఫైట్ నీళ్లలోని ఆక్సిజన్‌ను పట్టేస్తుంది, మెటాల్ రంగు మారదు. మొత్తం 45 గ్రాములూ ముందే వేశారంటే మాత్రం మెటాల్ కరగకుండా పైన తెల్లగా తేలుతుంది. ఎంత తిప్పినా లాభం ఉండదు. మెటాల్ ఒక్క గింజ కూడా కనబడకుండా కరిగాకే మిగతా సల్ఫైట్, ఆ తర్వాత హైడ్రోక్వినోన్. కార్బొనేట్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ చల్లాలి, ఒకేసారి కుమ్మరిస్తే అడుగున రాయిలా గడ్డకడుతుంది. అన్నీ అయ్యాక నీళ్లలా తేటగా ఉండాలి, మరీ అయితే లేత గడ్డి రంగు. కలపగానే గోధుమ రంగు వచ్చిందంటే సల్ఫైట్ పాతదైపోయి ఉంటుంది, లేదా సల్ఫైట్ అనుకుని వేరేది వేసి ఉంటారు.

ఈ రెండోది మన షాపుల్లో మామూలుగా జరిగే పొరపాటు. సల్ఫైట్ అడిగితే సల్ఫేట్ చేతికిస్తారు, రెండూ తెల్ల పొడులే. లేబుల్ మీద ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసుకోండి, sulphite లో i ఉంటుంది, sulphate లో a ఉంటుంది. అనుమానం ఉంటే కిటికీ పక్కన నిలబడి, అర చెంచా పొడి మీద వెనిగర్ నాలుగు చుక్కలు వేయండి. గంధకం కాల్చినట్టు ఘాటు వాసన వస్తే సల్ఫైట్. సల్ఫేట్‌కు ఏ వాసనా రాదు. మొహం దగ్గర పెట్టుకుని పీల్చొద్దు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పరీక్ష అసలు చేయొద్దు.

కార్బొనేట్ సంగతి. చాకలి సోడా కూడా సోడియం కార్బొనేటే, కానీ అందులో నీళ్లెంత ఉన్నాయో తెలియదు. మెరిసే గాజు పలుకుల్లా ఉండే సోడా అయితే 68 గ్రాముల బదులు 184 గ్రాములు పడుతుంది. గాలి తగిలి పిండిగా మారినదైతే లెక్క అటూ ఇటూ కాకుండా ఉంటుంది. వంట సోడా వేస్తే బొమ్మే సరిగా రాదు, దాని క్షారం చాలదు. అయితే వంట సోడానే స్టీలు పళ్లెంలో పలచగా పరిచి 200 డిగ్రీల ఒవెన్‌లో గంటసేపు కాల్చితే కార్బొనేట్ అవుతుంది. 100 గ్రాములకు 63 గ్రాములు మిగలాలి. చల్లారాక తూచి చూసి ఇంకా ఎక్కువుంటే మళ్లీ కాల్చండి. మన వైపు దొరికే పదార్థాల్లో నమ్మకమైన కార్బొనేట్ ఇదే అని నా అభిప్రాయం.

పాత్రలు స్టీలు, గాజు, ప్లాస్టిక్ మాత్రమే. రాగి, ఇత్తడి ఏ రూపంలోనూ తగలకూడదు, ఇత్తడి చెంచాతో తిప్పినా సరే. కొద్దిపాటి రాగి కలిసినా పేపర్‌కు ఫాగ్, అంటే వెలుగు తగలని చోట కూడా బూడిద మసక, వస్తుంది, మందు కూడా తొందరగా పాడవుతుంది. మెటాల్ కొంతమంది చర్మానికి పడదు, వేళ్ల సందుల్లో దురద, పొక్కులు వస్తాయి. ఒకసారి మొదలైతే ఆ తర్వాత కొంచెం తగిలినా వస్తుంది. గ్లవ్స్, పటకారు రెండూ వాడండి. మెటాల్ పడనివాళ్లు ఫెనిడోన్ ఉన్న మందుకు మారిపోవాలి. పీక్యూ అనే పేరులో పీ అంటే ఫెనిడోన్, క్యూ అంటే హైడ్రోక్వినోన్. మెటాల్‌లో సుమారు పదో వంతు ఫెనిడోన్ చాలు, అందుకే దాన్ని తూచడానికి 0.01 గ్రాము చూపే నగల త్రాసు కావాలి. డి-72కు 0.1 గ్రాము త్రాసు సరిపోతుంది.

మూడో ప్రశ్నకు: అడుగున తెల్లటి పిండి అంటే బోరు నీళ్లలోని సున్నం, కార్బొనేట్‌తోనూ సల్ఫైట్‌తోనూ కలిసి విరిగిన మడ్డి. మందు బలం పెద్దగా తగ్గదు గానీ, ప్రింటు మీద అతుక్కుని ఆరాక తెల్ల చుక్కలుగా కనబడుతుంది. డెవలపర్‌కు 20 లీటర్ల క్యాన్ నీళ్లు వాడండి. కడగడానికి బోరు నీళ్లు పరవాలేదు, ఆఖరి జాడింపు మాత్రం మళ్లీ క్యాన్ నీళ్లతో. క్యాన్ నీళ్లు దొరకని చోట లీటరుకు 1 గ్రాము సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ అన్నిటికన్నా ముందు కరిగిస్తే సున్నాన్ని అదుపులో పెడుతుంది.

ఒంగోలు_డార్క్‌రూమ్

అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. ఆరు పట్టీల పరీక్ష చేశాను. 33 డిగ్రీల దగ్గర 30వ సెకను తర్వాత నలుపు పెరగలేదు. అంటే వేడిలోనే 40 సెకన్లు ఇచ్చి పని కానిచ్చేయొచ్చా? లేకపోతే ఐస్ ముక్కలు ట్రేలో వేయాలా? ఏసీ లేదు.

పెన్నా_గట్టు (నెల్లూరు)

ఐస్ ముక్కలు ట్రేలో వేయొద్దు. కరిగేకొద్దీ మందు పలచబడుతుంది, ముక్క ఉన్నచోట చల్లగా, పక్కన వేడిగా ఉండి ప్రింటు మీద చారలు వస్తాయి.

చల్లదనాన్ని కలిపేటప్పుడే తెచ్చుకోవాలి. చిన్న లెక్క ఉంది. డి-72 స్టాకు 33 డిగ్రీలుంటే, 1 కి 2 కలపడానికి 15 డిగ్రీల నీళ్లు పోస్తే మొత్తం 21కి వస్తుంది. అదే 1+9 లిక్విడ్‌కైతే మందు కొంచెమే కాబట్టి 20కి కాస్త తక్కువ ఉన్న నీళ్లు చాలు. ఫ్రిజ్ నీళ్లు 8 డిగ్రీల దగ్గర ఉంటాయి. వాటికి మామూలు క్యాన్ నీళ్లు కలుపుతూ థర్మామీటర్ చూసుకుంటే ఎంత కావాలంటే అంతకు తేవచ్చు. స్టాకును మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకు. చల్లబడితే మందులు పలుకుల్లా విడిపోతాయి, పైగా తిండి పెట్టే చోట ఇవి ఉండకూడదు.

తర్వాత ఆ చల్లదనం నిలవాలి. 8×10 ట్రేలో లీటరు మందు పలచగా పరుచుకుని ఉంటుంది, 33 డిగ్రీల గదిలో అది నిలవదు. బట్టలు నానబెట్టే వెడల్పాటి టబ్బులో రెండంగుళాల ఎత్తు నీళ్లు పోసి, అందులో ట్రే పెట్టు. అర లీటరు సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి టబ్బు మూలల్లో వెయ్యి, మూత గట్టిగా ఉండాలి. ట్రేలో 22 దాటగానే ఒక సీసా మార్చు. సీసా అంచుదాకా నింపి గడ్డకట్టిస్తే పగులుతుంది, నాలుగు వేళ్ల ఖాళీ వదులు. ట్యాంకు నీళ్లు తెల్లవారుజామున అన్నిటికన్నా చల్లగా ఉంటాయి కాబట్టి కడిగే నీళ్లు బకెట్లలో అప్పుడే పట్టి నీడన పెట్టుకో. కుండలో నీళ్లు పోసి చల్లబరుద్దామంటే, పొడి వడగాలి రోజుల్లో బాగా పనిచేస్తుంది, సముద్రం వైపు గాలి తిరిగి చెమట పట్టే రోజుల్లో అంతగా చల్లబడవు.

ఇప్పుడు అసలు ప్రశ్న, వేడిలోనే చేయొచ్చా అని. ఆర్‌సీ మీద 40 సెకన్లతో ప్రింటు వస్తుంది. కానీ అంత తక్కువ టైములో పేపర్ ముంచడంలో రెండు సెకన్లు ఆలస్యమైనా తేడా కనబడుతుంది. అందుకే వేడి తప్పకపోతే మందును పలచన చెయ్యి. 1+14, లేదా డి-72 1 కి 4. టైము నిమిషం దగ్గరికి వచ్చేట్టు చూసుకో. తెల్లంచు మసకబారితే లీటరు వాడే మందుకు 1 శాతం బెంజోట్రయజోల్ ద్రావణం 10 మిల్లీ కలుపు. అది ఫాగ్‌ను అణుస్తుంది, పేపర్ వెలుగును పట్టే స్పీడు కొంచెం తగ్గిస్తుంది, కాబట్టి టెస్ట్ స్ట్రిప్ (ఎక్స్‌పోజర్ సరిచూసుకునే చిన్న పేపర్ ముక్క) మళ్లీ తీసుకోవాలి.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. 20 అయినా 28 అయినా, ఆ పూట మొదటి ప్రింటుకూ ఆఖరి ప్రింటుకూ ఒకే వేడి ఉంటేనే లెక్కలు నిలుస్తాయి. తొలుత 21లో తీసిన టెస్ట్ స్ట్రిప్‌ను నమ్మి, గంట తర్వాత 29లో ప్రింటు తీస్తే ఎక్కడో తప్పింది అనిపిస్తుంది గానీ ఎక్కడో తెలియదు. దీనికి పాతకాలపు ఉపాయం ఒకటుంది. ప్రింటు ట్రేలో వేశాక ఒక మధ్యరకం టోను, మొహం మీది నీడ అనుకో, మొదటిసారి కనబడేదాకా సెకన్లు లెక్కపెట్టు. చల్లగా ఉన్నప్పుడు అది 12 సెకన్లు, నువ్వు ఇచ్చే మొత్తం టైము 72 అయితే, నీ అంకె 6. మందు వేడెక్కి 9 సెకన్లకే కనబడితే 54 దగ్గర తీసెయ్. మందు అలసిపోయి 15కు కనబడితే 90 ఇవ్వు. ప్రతి ప్రింటులో అదే చోటును చూడాలి, నెగటివ్ మారితే అంకె కొత్తగా కట్టుకోవాలి. కొద్దిపాటి తేడాలకే ఇది పనిచేస్తుంది. హైడ్రోక్వినోన్ 13 డిగ్రీల కింద దాదాపు నిద్రపోతుంది, కాబట్టి ఐస్ సీసాలు ఎక్కువ పెట్టి మరీ చల్లబరిచినా నష్టమే, నలుపులు పలచబడతాయి.

కావలి_బ్రోమైడ్

వేడిలో ఫైబర్ పేపర్ మీద చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. కార్బొనేట్ మందులోంచి తీసిన పేపర్‌ను గాఢమైన ఆసిడ్ స్టాప్‌లో వేస్తే లోపల గ్యాసు పుట్టి ఎమల్షన్ (పేపర్ మీద బొమ్మ ఉండే పొర) కింద బొబ్బలు లేస్తాయి. స్టాప్ పలచగా చాలు. లీటరుకు 15 గ్రాముల నిమ్మఉప్పు, లేదంటే కిరాణా షాపు తెల్ల వెనిగర్ 1 భాగానికి 2 భాగాల నీళ్లు. డెవలపర్, స్టాప్, హైపో, కడిగే నీళ్లు, అన్నిటి మధ్య రెండు మూడు డిగ్రీలకు మించి తేడా ఉండొద్దు. 21లో డెవలప్ చేసి 34 డిగ్రీల కుళాయి కింద పెడితే అంచుల దగ్గర ఎమల్షన్ ముడతలు పడి లేస్తుంది. అది మళ్లీ అతుక్కోదు.

వేడికి ఎమల్షన్ మెత్తబడి పటకారు గీతలు పడుతుంటే పటిక ఉన్న ఫిక్సర్ వాడొచ్చు, పటిక గట్టిపరుస్తుంది. కానీ కడగడం ఆలస్యమవుతుంది, తర్వాత ప్రింటు రంగు మార్చే టోనింగ్ సరిగా పట్టదు. ఆర్‌సీకి ఆ అవసరం రాదు.

పటకార్లు మూడు ట్రేలకు మూడు, రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. హైపో పటకారు ఒక్కసారి డెవలపర్‌లో పెడితే ఆ పూట మందంతా పారబోయాల్సిందే.

కొత్తపట్నం_లెన్స్

నాదో చిన్న ప్రశ్న, ఇందులోనే అడుగుతున్నా. ఒక మూసేసిన స్టూడియో సామాన్లలో ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు బ్రోమైడ్ పేపర్ రెండు పెట్టెలు, విప్పనివి దొరికాయి. ఏ డెవలపర్‌లో వేసినా తెల్లచోట్లు బూడిదగా వస్తున్నాయి. మందు మారిస్తే బాగవుతాయా?

నెల్లూరు_రసాయనం

పేపర్ ఎంత చెడిందో ముందు తేల్చుకోండి. మొదట సేఫ్‌లైటు కూడా ఆర్పేసి పూర్తి చీకట్లో రెండు ముక్కలు కత్తిరించండి. వెలుగు చూపించకుండా ఒకటి నేరుగా హైపోలో వేయండి, రెండోది 2 నిమిషాలు డెవలపర్‌లో ఉంచి ఆ తర్వాత హైపోలో వేయండి. ఆరాక పక్కపక్కన పెడితే, మొదటిది పేపర్ అసలు తెలుపు, రెండోది దానికి పట్టిన ఫాగ్. రెండూ ఒకలాగే ఉంటే పేపర్ బాగానే ఉంది, మీ సేఫ్‌లైటే దొంగ. ఎర్ర రంగు పూసిన జీరో బల్బులు చాలావాటిలో పూత సందుల్లోంచి తెల్ల వెలుగు కారుతుంది.

సేఫ్‌లైటు పరీక్షకు తాజా పేపర్ కావాలి. దాని మీద ముందు ఎన్‌లార్జర్‌తో చాలా కొంచెం వెలుగు, డెవలప్ చేస్తే లేత బూడిద వచ్చేంత, చూపించండి. అప్పుడు దాని మీద రూపాయి బిళ్ల పెట్టి సేఫ్‌లైటు కింద 5 నిమిషాలు వదిలేసి డెవలప్ చేయండి. బిళ్ల ఆకారం కనబడితే ఆ బల్బు మార్చాలి. ముందు వెలుగు చూపించకుండా చేస్తే ఈ పరీక్ష అబద్ధం చెబుతుంది, ఎందుకంటే చాలని వెలుగు ఖాళీ పేపర్ మీద కనబడదు గానీ బొమ్మ ఉన్న పేపర్ మీద కనబడుతుంది.

ఫాగ్ పేపర్‌దే అయితే ఇక్కడ మాత్రం డెవలపర్ ముఖ్యం. డి-72 1 కి 2 కలపండి, 20 డిగ్రీలకు తెండి. 1 గ్రాము బెంజోట్రయజోల్‌ను 100 మిల్లీ వేడి నీళ్లలో కరిగించి, అందులోంచి లీటరు మందుకు 15 మిల్లీతో మొదలుపెట్టి, తెలుపు తేరేదాకా పదేసి మిల్లీ పెంచుకుంటూ పోండి. ప్రతిసారీ ఎక్స్‌పోజర్ పెంచాల్సి వస్తుంది. 50 మిల్లీ దాకా పోయినా బూడిద తగ్గకపోతే ఇంక ఆ పేపర్‌ను మామూలు ప్రింట్లకు వదిలేయండి. ట్రే ఊపడం, పటకారు పట్టడం నేర్చుకోవడానికి వాడుకోండి. పొటాషియం బ్రోమైడ్ కూడా ఫాగ్ తగ్గిస్తుంది, కానీ ఎక్కువైతే నలుపు ఆకుపచ్చ, గోధుమ వైపు తిరుగుతుంది. బెంజోట్రయజోల్ కాస్త నీలం వైపు తెస్తుంది. పాత పేపర్‌కు నాకు రెండోదే నచ్చుతుంది.

విటమిన్ సితో చేసే డెవలపర్ల గురించి కూడా అడిగేవాళ్లుంటారు కాబట్టి చెబుతున్నా. చర్మానికి మంచివి, ప్రింటు కూడా బాగుంటుంది. కానీ అవి రంగు మారకుండానే చచ్చిపోతాయి. మెటాల్ మందు గోధుమ రంగుతో ముందే చెబుతుంది, ఇది చెప్పదు. వాడేముందు ప్రతిసారీ తెల్ల వెలుగులో చిన్న పేపర్ ముక్క ముంచి నల్లబడటం చూసుకోవాలి.

ఒంగోలు_డార్క్‌రూమ్

మల్టీగ్రేడ్ లిక్విడ్ తెప్పిస్తున్నాను, 1+14, టబ్బు, ఐస్ సీసాలు. ఫైబర్‌కు పోయినప్పుడు డి-72 కలుపుకుంటాను. ఆఖరుగా ఒకటి, లీటరు మందుతో ఎన్ని ప్రింట్లు తీయొచ్చు? వాడేసిన మందులు ఎక్కడ పోయాలి?

పెన్నా_గట్టు (నెల్లూరు)

డి-72 1 కి 2 లీటరుకు 8×10 సుమారు 30 లెక్కేసుకో. మల్టీగ్రేడ్ లిక్విడ్‌కు కంపెనీ లెక్క ఇంతకన్నా చాలా ఎక్కువ. కానీ మన వేడిలో ప్రింట్ల లెక్క కన్నా ముందు గాలే మందును తినేస్తుంది. నలుపు కనబడే టైము మొదటి ప్రింటుకన్నా ఒకటిన్నర రెట్లు అయిందంటే కొత్తది కలుపు. మధ్యలో భోజనానికి లేస్తే ట్రే మీద ఇంకో ట్రే బోర్లించి పో.

వాడిన డెవలపర్, స్టాప్ రెండూ ఒక బకెట్లో కలిపి, పొంగు ఆగాక, బాగా నీళ్లు పోసి మున్సిపాలిటీ డ్రైనేజీలోకి వదలొచ్చు. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లయితే ఒకేసారి వద్దు. హైపో మాత్రం ఎక్కడా పారబోయకు, అందులో వెండి ఉంటుంది. మొక్కల్లో, బోరు పక్కన అసలు వద్దు. మూత ఉన్న డబ్బాలో పోసి, గిన్నెలు తోమే స్టీలు పీచు కాకుండా తుప్పు పట్టే ఇనుప పీచు వేసి వారం ఉంచితే వెండి నల్లటి మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని వడకట్టి ఆరబెట్టి దాచు, పాత ఎక్స్‌రే ఫిల్ములు కొనేవాళ్లు దాన్ని కూడా తీసుకుంటారేమో అడుగు.